ఇంగ్లండ్‌లో ఇల్లు కడుతున్నారా? జేసీబీ రాకముందే సీఐఎల్ సంగతి తేల్చుకోండి

ప్లానింగ్ పర్మిషన్ వచ్చేసింది. బిల్డర్ సోమవారం పొద్దున్నే జేసీబీ తెస్తానన్నాడు. ఒక్క నిమిషం ఆగండి. ఆ బకెట్ పాత గోడను తాకేలోపు కౌన్సిల్‌కి మూడు ఫారాలు వెళ్లి ఉండాలి. వాటిలో ఒకదానికి కౌన్సిల్ జవాబు కూడా మీ చేతికి వచ్చి ఉండాలి. లేకపోతే ఒక్క పౌండు కూడా కట్టక్కర్లేని మనిషికి ముప్ఫై వేల పౌండ్ల బిల్లు రావచ్చు. అప్పుడు ఎంత బతిమాలినా, పోయిన మినహాయింపును వెనక్కి ఇచ్చే అధికారం కౌన్సిల్‌కి లేదు.

దీని పేరు కమ్యూనిటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ లెవీ. కాగితాల మీద సీఐఎల్, కౌన్సిల్ వాళ్ల నోట్లో ‘సిల్’. 2008 ప్లానింగ్ చట్టం కింద 2010లో నిబంధనలు వచ్చాయి. 2011 డిసెంబర్‌లో న్యూఆర్క్ అండ్ షెర్‌వుడ్ కౌన్సిల్ అందరికంటే ముందు వసూలు మొదలుపెట్టింది. కొత్తగా కట్టే ప్రతి చదరపు మీటరుకీ ఇంత అని తీసుకుని, ఆ డబ్బుతో రోడ్లు, బడులు, క్లినిక్‌లు, పార్కులు, వరద నీటి కాలవలు చేయిస్తారు. మన మునిసిపాలిటీల్లో డెవలప్‌మెంట్ చార్జీలు, బెటర్‌మెంట్ చార్జీలు కట్టినవాళ్లకి ఇందులో వింతేమీ లేదు. తేడా అల్లా వరసలో ఉంది. ముందు స్లాబ్ వేసేద్దాం, తర్వాత బీఆర్‌ఎస్ వచ్చినప్పుడు రెగ్యులరైజ్ చేయించుకుందాం అనే లెక్క ఇక్కడ పనికిరాదు. బీఆర్‌ఎస్ అంటే పార్టీ కాదు లెండి, బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్.

మీ కౌన్సిల్ ఏది, రేటెంత

సీఐఎల్ ఇంగ్లండ్, వేల్స్‌లలోనే ఉంది. స్కాట్లాండ్‌లో, ఉత్తర ఐర్లండ్‌లో లేదు. ఇంగ్లండ్‌లో కూడా పెట్టుకోవాలా వద్దా అన్నది కౌన్సిల్ ఇష్టం. మాంచెస్టర్ సిటీ కౌన్సిల్ పెట్టుకోలేదు. పెట్టుకున్న చోట రేటు పక్క వీధికే మారిపోతుంది. రెడింగ్ బరో 2015 ఏప్రిల్‌లో ఇళ్లకి చదరపు మీటరుకి 120 పౌండ్లు పెట్టింది. అదే నెలలో పక్కనున్న వోకింగమ్ బరో చాలా ప్రాంతాలకి 365 పెట్టింది. లోయర్ అర్లీలో ఉండేవాళ్లని ఎక్కడుంటారని అడిగితే రెడింగ్ అనే చెబుతారు, కానీ వాళ్ల కౌన్సిల్ వోకింగమ్. పోస్ట్‌కోడ్‌ని, పోస్టల్ అడ్రస్‌లోని ఊరి పేరుని నమ్మకండి. కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు మీద ఏ పేరుందో అదే మీ కౌన్సిల్. దాని వెబ్‌సైట్‌లో ‘ఛార్జింగ్ షెడ్యూల్’ అనే పత్రం, దాంతోపాటు జోన్ల మ్యాప్ ఉంటాయి. స్థలం కొనకముందే రెండూ చూడండి.

లండన్‌లో చాలాచోట్ల రెండు పద్దులు కట్టాలి. మీ బరో, అంటే స్థానిక కౌన్సిల్, వేసే సీఐఎల్ ఒకటి, దాని మీద మేయర్ సీఐఎల్ ఇంకొకటి. మేయర్ వసూలు 2012 ఏప్రిల్‌లో క్రాస్‌రైల్ ఖర్చు కోసం మొదలైంది. ఇప్పుడు ఎలిజబెత్ లైన్‌గా తిరుగుతున్న రైలు అదే. 2019 ఏప్రిల్ 1 నుంచి బరోలని మూడు బ్యాండ్లుగా విడదీశారు: వెస్ట్‌మిన్‌స్టర్ లాంటి చోట చదరపు మీటరుకి 80 పౌండ్లు, హారో లాంటి చోట 60, న్యూహామ్ లాంటి చోట 25. అంటే ఈస్ట్ హామ్‌లో కట్టుకునేవాళ్ల మీద మేయర్ భారం తక్కువే. ఈ అంకెలన్నీ షెడ్యూల్ పెట్టిన నాటివి. మీ బిల్లులో వీటి మీద ఇండెక్స్, అంటే ధరల మార్పుకి సర్దుబాటు, కూడా పడుతుంది, ఆ లెక్క కింద చూద్దాం.

ఎక్స్‌టెన్షన్ అయితే భయం అక్కర్లేదు, కానీ

కొత్తగా కలిసే నేల విస్తీర్ణం 100 చదరపు మీటర్ల లోపు ఉండి, అందులో కొత్త ఇల్లేదీ ఏర్పడకపోతే సీఐఎల్ లేదు. వెనకవైపు వంటింటి ఎక్స్‌టెన్షన్, పైన లాఫ్ట్ గది కలిపినా పక్కింటితో ఒక గోడ కలిసిన మామూలు సెమీ ఇంటికి 50, 60 మీటర్లు దాటవు. 100 లేదా అంతకంటే ఎక్కువైతే, అది మీరు సొంతంగా ఉంటున్న ఇల్లైతే, ఫారం 9 పెట్టి మినహాయింపు తెచ్చుకోవచ్చు. పని మొదలయ్యేలోపు అది మంజూరై ఉండాలి. అద్దెకిచ్చిన ఇంటికి ఈ మినహాయింపు లేదు.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఉండటానికని తోటలో విడిగా యానెక్స్, అంటే చిన్న అనుబంధ ఇల్లు, కట్టేవాళ్లు మాత్రం జాగ్రత్త. వంటిల్లు, బాత్‌రూమ్, విడి తలుపు ఉంటే కౌన్సిల్ దాన్ని కొత్త ఇల్లుగా లెక్కేయవచ్చు. అప్పుడు 40 మీటర్లే అయినా 100 మీటర్ల వెసులుబాటు అందదు. దానికి ఫారం 8 వేరే ఉంది. కట్టిన మూడేళ్లలోపు ఆ యానెక్స్ అద్దెకిచ్చినా, అసలు ఇంటి నుంచి విడదీసి అమ్మినా మినహాయించిన డబ్బు వెనక్కి కట్టాలి. పేరెంట్స్ ఆరు నెలలే ఉంటారు, మిగతా ఆరు నెలలు ఎవరికైనా అద్దెకిద్దాం అనుకునేవాళ్లు ఆ లెక్క మానుకోండి.

కొలత దగ్గరే సగం గొడవ

సీఐఎల్ కొలిచేది గ్రాస్ ఇంటర్నల్ ఏరియా. అంటే బయటి గోడల లోపలి అంచు నుంచి లోపలి అంచు దాకా, ప్రతి అంతస్తుకీ. బయటి గోడల మందం లెక్కలోకి రాదు. లోపలి గోడలు, మెట్లు, చిమ్నీ దిమ్మెలు, అల్మరాలు అన్నీ వస్తాయి. ఇంటికి కలిసి ఉన్న గ్యారేజీ కూడా వస్తుంది. ఎస్టేట్ ఏజెంట్ బ్రోషర్‌లో గ్యారేజీని వదిలేసి వేసిన అంకెని ఇక్కడ వాడితే తప్పవుతుంది.

లాఫ్ట్ గదుల్లో పైకప్పు వాలుగా దిగుతుంది కదా, నిలబడలేనంత తక్కువ ఎత్తున్న ఆ మూల. ఎత్తు 1.5 మీటర్ల కంటే తక్కువ కాబట్టి తీసేశాం అంటారు కొందరు డిజైనర్లు. అది గదుల వాడుక విస్తీర్ణం చెప్పేటప్పటి అలవాటు. గ్రాస్ ఇంటర్నల్ ఏరియాలో ఆ మూల కూడా లోపలే. వాలు కప్పు కింద రెండు వైపులా మీటరు వెడల్పున, పది మీటర్ల పొడవున అలా వదిలేస్తే 20 చదరపు మీటర్లు తగ్గిపోతాయి. కౌన్సిల్ డ్రాయింగులు మళ్లీ కొలిచి వాటిని కలిపేస్తుంది. అందుకని మీ ఆర్కిటెక్ట్‌ని అంతస్తులవారీగా పట్టిక అడగండి: ఉన్నది ఎంత, పడగొట్టేది ఎంత, కొత్తది ఎంత. ఈ అంకెలే ప్లానింగ్ అప్లికేషన్‌తో పాటు వెళ్లే ఫారం 1లో రాయాలి. ఫారం 1ని ఆర్కిటెక్ట్ ఆఫీసులో ఎవరో జూనియర్ నింపేసి పంపడం మామూలే. మీరు చూడకుండా పంపనివ్వకండి, ఆ తర్వాత వచ్చే బిల్లు దాని మీదే ఆధారపడుతుంది.

పాత ఇంటి విస్తీర్ణం తీసేయాలంటే

స్థలంలో ఇప్పటికే ఉన్న కట్టడాన్ని పడగొట్టినా, ఉంచుకున్నా దాని విస్తీర్ణాన్ని కొత్తదాంట్లోంచి తీసేస్తారు. పడగొట్టే కట్టడానికి రెండు షరతులు. పర్మిషన్ వచ్చిన రోజుకి అది అక్కడ నిలబడి ఉండాలి. ఆ రోజుకి ముందు మూడేళ్లలో కనీసం ఆరు నెలలు ఏకధాటిగా, చట్టబద్ధంగా వాడుకలో ఉండాలి.

‘వాడుక’ అంటే నిజంగా వాడటం. 2015లో ష్రాప్‌షైర్ కౌన్సిల్ మీద నడిచిన ఒక కేసులో కట్టడం మూతపడిన పబ్బు. దాన్ని పబ్బుగానే వాడుకోవచ్చు, వేరే వాడకానికి మార్చలేదు అన్న వాదన హైకోర్టులో నిలవలేదు. ముసలావిడ కేర్ హోమ్‌కి వెళ్లాక నాలుగేళ్లుగా తాళం వేసి ఉన్న బంగ్లా చవగ్గా దొరికిందని కొన్నారనుకోండి. ఫర్నిచర్ అలాగే ఉన్నా, కౌన్సిల్ ట్యాక్స్ కడుతున్నా ఈ తీసివేత అందదు. అలాంటిది కొన్నప్పుడు పర్మిషన్‌కి ముందు ఆరు నెలలు మీరే అక్కడ ఉండటమో, రాతపూర్వక ఒప్పందంతో అద్దెకివ్వడమో చేస్తే లెక్క మారుతుంది. కరెంటు, నీళ్ల బిల్లుల్లో నెలవారీ వాడకం కనబడాలి, అద్దె ఒప్పందం, కౌన్సిల్ ట్యాక్స్ ఖాతా వివరాలు దాచాలి.

అప్లికేషన్ నడుస్తుండగానే పాత ఇల్లు పడగొట్టేయడం ఇంకో తప్పు. ప్లానింగ్ ఎలాగూ వస్తుందిగా అని తొందరపడితే, పర్మిషన్ తేదీకి కట్టడం లేదు కాబట్టి తీసివేత కూడా లేదు. మొత్తంగా గుర్తుంచుకోవాల్సింది ఇదే: పర్మిషన్‌కి ముందు పడగొడితే తీసివేత పోతుంది, పర్మిషన్ తర్వాత ఫారాలకి ముందు పడగొడితే మినహాయింపు పోతుంది.

బిల్లు లెక్క

లెక్క ఇలా ఉంటుంది: రేటును నికర విస్తీర్ణంతో గుణించి, పర్మిషన్ వచ్చిన ఏడాది ఇండెక్స్‌తో గుణించి, షెడ్యూల్ అమల్లోకి వచ్చిన ఏడాది ఇండెక్స్‌తో భాగించాలి. ఇప్పుడు వాడేది సర్వేయర్ల సంస్థ ఆర్‌ఐసీఎస్ వాళ్లు ఏటా ప్రకటించే సీఐఎల్ ఇండెక్స్. 2021కి అది 333, 2023కి 355, 2024కి 381, 2025కి 391. ఏడాది మారగానే, అంటే జనవరి 1న, కొత్త అంకె వర్తిస్తుంది. డిసెంబర్ చివర్లో రావాల్సిన పర్మిషన్ జనవరికి జారితే మామూలుగా బిల్లు పెరుగుతుంది.

ఉదాహరణకి, 2021లో షెడ్యూల్ పెట్టిన ఒక కౌన్సిల్, రేటు 150 పౌండ్లు. 95 మీటర్ల బంగ్లా పడగొట్టి 260 మీటర్ల ఇల్లు కడుతున్నారు. పర్మిషన్ 2025లో వచ్చింది. నికరం 165 మీటర్లు. 165ని 150తో గుణిస్తే 24,750. దాన్ని 391తో గుణించి 333తో భాగిస్తే 29,060 పౌండ్ల 81 పెన్స్. అదే బంగ్లా వాడుకలో లేదని తేలితే 260 మీటర్ల మీదా పడుతుంది: 45,792 పౌండ్ల 79 పెన్స్. ఆరు నెలల కరెంటు బిల్లులు దాచుకోకపోవడం ఖరీదు పదహారు వేల ఏడొందలు పైనే.

షెడ్యూల్ 2020కి ముందుదైతే భాగించే అంకెగా వేరే ఇండెక్స్ వాడతారు. అది కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఇస్తారు, మీరు ఊహించి వేయకండి.

సొంత ఇంటి మినహాయింపు: ఫారాల వరస

మీరు ఉండటానికి మీరే కట్టుకుంటున్న, లేదా మీ కోసం బిల్డర్ చేత కట్టించుకుంటున్న ఇంటికి సెల్ఫ్ బిల్డ్ మినహాయింపు ఉంది. పై ఉదాహరణలో 29,060 పౌండ్లు సున్నా అవుతాయి. లండన్‌లో మేయర్ పద్దుకి కూడా ఇది వర్తిస్తుంది. ఇది మనిషికే, కంపెనీకి కాదు. కాంట్రాక్టింగ్ పనికని పెట్టుకున్న లిమిటెడ్ కంపెనీ పేరు మీద స్థలం కొంటే ట్యాక్స్‌లో కలిసొస్తుందని ఎవరో సలహా ఇస్తారు. ఆ లెక్కలో ఈ ముప్ఫై వేలు కూడా వేసి చూసుకోండి.

పర్మిషన్ వచ్చాక కౌన్సిల్ లయబిలిటీ నోటీస్ పంపుతుంది. దాంట్లో విస్తీర్ణం, రేటు, ఇండెక్స్ సరిచూసుకోండి. తర్వాత ఫారం 2: ఈ సీఐఎల్‌కి నేనే బాధ్యుణ్ని అని రాసివ్వడం. ఎలాగూ కట్టక్కర్లేని డబ్బుకి బాధ్యత ఎందుకు తీసుకోవాలని కొందరు దీన్ని వదిలేస్తారు. బాధ్యత తీసుకున్నవాళ్లకే మినహాయింపు అడిగే హక్కు. భార్యాభర్తలిద్దరి పేరు మీదా స్థలం ఉంటే ఇద్దరూ సంతకం పెట్టడం మేలు. ఎవరూ బాధ్యత తీసుకోకుండా పని మొదలైతే యజమాని ఒక్కొక్కరికీ 50 పౌండ్ల జరిమానా కూడా ఉంది.

ఆ తర్వాత ఫారం 7 పార్ట్ 1, మినహాయింపు అభ్యర్థన. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఫారం పంపేశాం కదా అని పని మొదలుపెడతారు. కౌన్సిల్ నిర్ణయం రాతపూర్వకంగా చెప్పేలోపు పని మొదలైతే ఆ అభ్యర్థన రద్దయిపోతుంది. పంపిన తేదీ కాదు, మంజూరు చేస్తున్నామన్న ఉత్తరం తేదీ ముఖ్యం. సీఐఎల్ ఆఫీసర్ సెలవులో ఉంటే వారాలు పట్టవచ్చు. బిల్డర్‌తో తేదీ ఖాయం చేసుకునేటప్పుడే ఆ సమయం కలుపుకోండి. ఒప్పందంలో ఒక వాక్యం రాయించండి: ‘సీఐఎల్ మినహాయింపు ఉత్తరం, కమెన్స్‌మెంట్ నోటీస్ అందినట్టు కౌన్సిల్ జవాబు, రెండూ యజమాని ఇచ్చేదాకా సైట్‌లో కూల్చివేత గానీ తవ్వకం గానీ చేయకూడదు.’

చివరగా ఫారం 6, కమెన్స్‌మెంట్ నోటీస్. పని మొదలయ్యే రోజుకి కనీసం ఒక రోజు ముందు కౌన్సిల్‌కి అందాలి. ఆదివారం రాత్రి ఈమెయిల్ కొట్టి సోమవారం తవ్వే పని పెట్టుకోకండి, వారం ముందు పంపి జవాబు తెప్పించుకోండి. తేదీ మారితే పని మొదలుకాకముందే కొత్త ఫారం 6 పంపవచ్చు, అది పాతదాని స్థానంలోకి వస్తుంది. 2019 సెప్టెంబర్ 1కి ముందు ఈ ఒక్క ఫారం మరిచిపోతే మొత్తం మినహాయింపే పోయేది. ఇప్పుడు జరిమానాతో సరిపెడతారు: సీఐఎల్‌లో 20 శాతం లేదా 2,500 పౌండ్లు, ఏది తక్కువైతే అది. మన ఉదాహరణలో 20 శాతం అంటే 5,812 కాబట్టి 2,500. ఫారం 7కి మాత్రం ఇలాంటి కనికరం ఏదీ రాలేదు. ఫారం 9తో ఎక్స్‌టెన్షన్ కట్టేవాళ్లకి ఫారం 6 అక్కర్లేదు.

‘పని మొదలు’ అంటే ఏమిటి? ఇల్లు లేవడం కాదు. కూల్చివేత మొదలైనా, పునాదికి కందకం తవ్వినా, పునాది దాకా భూమిలో పైపు వేసినా, లోపలి రోడ్డు వేయడం మొదలుపెట్టినా మొదలైనట్టే. గార్డెన్‌లో చెట్లు కొట్టడం, సాయిల్ టెస్ట్ గుంటలు లాంటివి మామూలుగా ఇందులోకి రావు. కానీ అనుమానం ఉన్న పని ఏదైనా ముందు సీఐఎల్ ఆఫీసర్‌ని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ప్లానింగ్ ఆఫీసర్ వేరు, బిల్డింగ్ కంట్రోల్ వేరు, సీఐఎల్ టీమ్ వేరు. బిల్డింగ్ కంట్రోల్‌కి పని మొదలుపెడుతున్నామని చెప్పినంత మాత్రాన సీఐఎల్ వాళ్లకి చెప్పినట్టు కాదు.

పర్మిషన్‌తో పాటు ప్లాటు కొనేవాళ్లకి ఒక మాట. ఆ పర్మిషన్ గడువు తీరకుండా అమ్మిన మనిషి ముందే కొంచెం తవ్వి పని మొదలైందనిపించి ఉండవచ్చు. ప్రకటనలో ‘కమెన్స్‌డ్’ అని గొప్పగా రాస్తారు. అలా మొదలైన దాని మీద మీరు మినహాయింపు అడగలేరు. అమ్మినవాళ్లకి వచ్చిన మినహాయింపు కూడా మీకు బదిలీ కాదు, మీ పేరు మీద మళ్లీ ఫారం 2, ఫారం 7 పెట్టాల్సిందే. సాలిసిటర్‌ని సీఐఎల్ గురించి విడిగా అడగమనండి, బకాయి ఉంటే లోకల్ ల్యాండ్ చార్జ్‌గా ఆ భూమి మీదే ఉంటుంది.

కట్టేటప్పుడు ప్లాన్ మారిందా? మారిన గోడ లేపకముందే అప్లికేషన్ పెట్టండి, మినహాయింపు అలాగే ఉంటుందా, కొత్త ఫారం కావాలా అని రాసి అడగండి. కట్టేశాక వెనకనుంచి కొత్త పర్మిషన్ తెచ్చుకుంటే, అది వచ్చిన రోజే పని మొదలైనట్టు లెక్క. దానికి ముందు ఫారం 7 పెట్టే రోజంటూ ఉండదు.

గృహప్రవేశం తర్వాత

పని పూర్తయ్యాక ఆరు నెలల్లోపు ఫారం 7 పార్ట్ 2 వెళ్లాలి. దాంతో బిల్డింగ్ కంట్రోల్ కంప్లీషన్ సర్టిఫికెట్, టైటిల్ కాపీ, కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు జతచేయాలి. మీరు అక్కడే ఉంటున్నట్టు యుటిలిటీ బిల్లు, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఓటరు నమోదు వీటిలోంచి రెండు చూపాలి. వీటికి తోడు మూడింట్లో ఒకటి తప్పనిసరి: పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ ఆమోదించిన డీఐవై హౌస్‌బిల్డర్ వ్యాట్ రీఫండ్, లేదా సెల్ఫ్ బిల్డ్ వారంటీ, లేదా సెల్ఫ్ బిల్డ్ మార్ట్‌గేజ్. సొంత డబ్బుతో, మామూలు మార్ట్‌గేజ్‌తో కట్టినవాళ్లు ఇక్కడ ఇరుక్కుంటారు. పునాది స్థాయిలో తీసుకోవాల్సిన వారంటీని ఇల్లయ్యాక తీసుకోవడం కష్టం, ఖర్చు కూడా ఎక్కువ. మూడింట్లో మీ దగ్గర ఏది ఉండబోతుందో ఫారం 7 పార్ట్ 1 నింపే రోజే తేల్చుకోండి.

పూర్తయిన రోజు నుంచి మూడేళ్లు అది మీ ముఖ్య నివాసంగానే ఉండాలి. అమ్మినా, మొత్తం ఇల్లు అద్దెకిచ్చినా మినహాయింపు రద్దు. ప్రాజెక్టు మారి హైదరాబాద్ తిరిగి వెళ్లాల్సి వచ్చి, రెండేళ్లకే ఇల్లు అద్దెకిస్తే మొత్తం డబ్బు కట్టాలి, ఏళ్ల వాటా చూసి తగ్గించడం ఉండదు. అలా జరిగితే 14 రోజుల్లో కౌన్సిల్‌కి మీరే చెప్పాలి. చెప్పకపోతే పైన చెప్పిన 20 శాతం లేదా 2,500 జరిమానా మళ్లీ పడుతుంది.

కట్టాల్సినవాళ్లు, లెక్క తప్పనిపించినవాళ్లు

మినహాయింపు లేనివాళ్లు పని మొదలైన 60 రోజుల్లో మొత్తం కట్టాలి. కొన్ని కౌన్సిళ్లు వాయిదాలు ఇస్తాయి. ఫారం 6 పంపకపోతే ఆ 60 రోజులూ పోతాయి, వాయిదాలూ పోతాయి, వెంటనే మొత్తం అడుగుతారు. గడువు దాటాక 30 రోజులకి 5 శాతం లేదా 200 పౌండ్లు, ఏది ఎక్కువైతే అది. ఆరు నెలలకి మరోసారి, ఏడాదికి మరోసారి అంతే. వడ్డీ బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు మీద 2.5 శాతం అదనం.

విస్తీర్ణం తప్పుగా వేశారనిపిస్తే లయబిలిటీ నోటీస్ ఇచ్చిన 28 రోజుల్లో కౌన్సిల్‌ని రివ్యూ అడగాలి. వాళ్ల జవాబు నచ్చకపోతే అదే నోటీస్ తేదీ నుంచి 60 రోజుల్లో వాల్యుయేషన్ ఆఫీసుకి అప్పీలు. కౌన్సిల్ జవాబు ఆలస్యమైందని ఈ 60 రోజులు పొడిగించరు. పని మొదలుపెడితే రెండు దారులూ మూసుకుపోతాయి. వాల్యుయేషన్ ఆఫీసు పాత అప్పీలు తీర్పులు ఆన్‌లైన్‌లో ఉంచుతుంది. గ్యారేజీలు, లాఫ్టులు, వాడుకలో లేని ఇళ్ల మీద మీ కేసు లాంటివే చాలా కనబడతాయి, రాసేముందు నాలుగైదు చదవండి.

గుడి గానీ, తెలుగు సంఘం హాలు గానీ కట్టేవాళ్లు ముందు షెడ్యూల్‌లో అలాంటి కట్టడాల రేటు చూడండి, చాలాచోట్ల సున్నాయే ఉంటుంది. సున్నా కాకపోతే, రిజిస్టరైన ఛారిటీయే స్థలానికి యజమాని అయితే ఫారం 10తో ఛారిటీ రిలీఫ్ అడగవచ్చు. ఇదీ పని మొదలవ్వకముందే. దీనికి మాత్రం మినహాయించిన డబ్బు కౌన్సిల్ వెనక్కి అడగగలిగే గడువు ఏడేళ్లు.

ఆ డబ్బు ఎక్కడికి పోతుంది

వసూలైన దాంట్లో 5 శాతం దాకా కౌన్సిల్ ఆఫీసు ఖర్చులకి ఉంచుకోవచ్చు. ఇల్లు ఏ పారిష్‌లో, అంటే మన గ్రామ పంచాయతీ లాంటి చిన్న పాలన ప్రాంతంలో, ఉందో ఆ పారిష్ కౌన్సిల్‌కి 15 శాతం వెళ్తుంది. అక్కడ నైబర్‌హుడ్ ప్లాన్, అంటే స్థానికులే తయారుచేసుకున్న ప్రణాళిక, ఉంటే 25 శాతం. 15 శాతానికి ఏడాదికి ఇంటికి 100 పౌండ్ల చొప్పున పైపరిమితి ఉంది, అంటే 800 ఇళ్ల పారిష్‌కి 80,000, దాని మీద ఇండెక్స్. 25 శాతానికి పరిమితి లేదు. జనం ఓటేసి నైబర్‌హుడ్ ప్లాన్ తెచ్చుకున్న ఊళ్లకి అందుకే చేతిలో డబ్బాడుతుంది. పారిష్ లేని పట్టణాల్లో ఆ వాటాని స్థానికుల్ని అడిగి కౌన్సిలే ఖర్చుపెట్టాలి. మిగిలింది కౌన్సిల్ పెద్ద పనులకి వాడుతుంది. మీ వీధిలో వసూలైంది మీ వీధిలోనే పెట్టాలన్న నియమం మాత్రం లేదు.

పిల్లల ఆటస్థలానికి ఊయలలు, బస్‌స్టాప్‌కి షెడ్డు, కమ్యూనిటీ హాల్లో వంటగది లాంటివి అడగాలంటే దారి ఇదే. కౌన్సిల్ ఏటా డిసెంబర్ 31లోపు ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఫండింగ్ స్టేట్‌మెంట్ పెట్టాలి. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అందులో ఉంటాయి. పారిష్‌లు కూడా ఏటా లెక్క చూపాలి. పారిష్‌కి ఏప్రిల్ 28న, అక్టోబర్ 28న వాటా అందుతుంది కాబట్టి ఆ నెలల తర్వాత జరిగే సమావేశానికి కొటేషన్‌తో సహా వెళ్తే వినేవాళ్లుంటారు. వచ్చిన డబ్బు ఐదేళ్లలో వాడకపోతే కౌన్సిల్ వెనక్కి అడగవచ్చు. నాలుగో ఏడు నడుస్తున్న డబ్బు ఖాతాలో ఎంత ఉందని పారిష్ క్లర్క్‌ని అడగండి, మీ అర్జీ ముందుకు కదలడానికి ఆ అంకె పనికొస్తుంది.